స్కానర్‌లో ఎర్ర పట్టీ, నోటుబుక్కులో బుధవారం

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా అని ఒక ఊరుంది. అక్కడి లారియేట్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌లో డిప్రెషన్ ఉన్న మనిషిని ఎమ్మారై సొరంగంలో పడుకోబెట్టి, మీ జీవితంలో సంతోషంగా గడిచిన ఒక రోజును గుర్తు చేసుకోండి అంటారు. కళ్లెదురుగా తెర మీద ఒక ఎర్ర పట్టీ, ఒక నీలం పట్టీ ఉంటాయి. నీలం పట్టీ గురి. ఎర్రది రెండు సెకన్లకోసారి లేస్తూ పడుతూ ఉంటుంది. కేవలం జ్ఞాపకంతో ఆ ఎర్రదాన్ని నీలం దాకా లేపాలి. 40 సెకన్లు జ్ఞాపకం, 40 సెకన్లు ఊరికే ఉండడం, ఇంకో 40 సెకన్లు 300 నుంచి వెనక్కి లెక్కపెట్టడం. మళ్లీ మొదటికి.

మాత్ర లేదు, సూది లేదు, కరెంటు షాకు లేదు. దీన్నే న్యూరోఫీడ్‌బ్యాక్ అంటున్నారు. తన మెదడులో ఏం జరుగుతోందో ఆ మనిషికే చూపించి, దాన్ని తనే మార్చుకునేలా సాధన చేయించడం.

"మందుల్లేకుండా తగ్గదా డాక్టరుగారూ?" అన్న ప్రశ్న మన దగ్గర సైకియాట్రిస్టు గదిలో రోజూ వినిపించేదే. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలట, మత్తుగా ఉంటుందట, లావెక్కుతారట, సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకు తెలిస్తే అంతేనట. ఇన్ని 'అట'ల మధ్య నిజాలూ ఉన్నాయి, అబద్ధాలూ ఉన్నాయి. కొందరికి బరువు పెరగడం నిజమే. అలవాటు పడి జీవితాంతం వదలలేకపోవడం అన్నది మాత్రం, నిద్రమాత్రల సంగతిని డిప్రెషన్ మందులకు అంటగట్టడం. ఏమైతేనేం, మందు వద్దనుకునేవాళ్లకు ఇవాళ రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి కోట్ల రూపాయల మెషిన్‌లోంచి వెళ్తుంది. రెండోది రెండు కుర్చీలు, ఒక నోటుబుక్కుతో సరిపోతుంది. రెండింటి గురించీ చదువుతూ పోతే నాకు అర్థమైంది ఏమిటంటే, అవి పైకి కనిపించినంత వేర్వేరు దారులు కావు.

ముందు మెషిన్ సంగతి.

ఎమ్మారై స్కానర్‌కు ఆలోచనలు కనబడవు. దానికి తెలిసేది రక్తంలోని ఆక్సిజన్. మెదడులో ఏ మూల పని పెరిగితే ఆ మూలకు ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. దానివల్ల అక్కడి అయస్కాంత సిగ్నల్ రవ్వంత మారుతుంది. ఈ కిటుకును 1990లో సెయిజీ ఒగావా బృందం బయటపెట్టింది. పెళ్లింట్లో వంట ఎంత జోరుగా సాగుతోందో తెలుసుకోవడానికి వంటశాలలోకి వెళ్లకుండా, గుమ్మం దగ్గర దిగుతున్న గ్యాస్ సిలిండర్లను లెక్కపెట్టడం లాంటిదిది. లెక్క పనికొస్తుంది. కానీ లోపల పులిహోర కలుపుతున్నారో పాయసం కాస్తున్నారో చెప్పదు. పైగా సిలిండర్ వచ్చేది పొయ్యి వెలిగించాక కదా. రక్తప్రవాహం కూడా అలాగే ఐదారు సెకన్లు వెనకబడి పెరుగుతుంది. కాబట్టి తెర మీద ఎర్ర పట్టీ లేచిందంటే అది ఈ క్షణపు ఆలోచన కాదు, ఇందాకటిది. స్కానర్‌లో పడుకున్న మనిషి ఈ ఆలస్యానికి అలవాటుపడాలి. లేకపోతే, "బాగానే తలుచుకుంటున్నాను, పట్టీ లేవదేం?" అని కంగారుపడి అసలు జ్ఞాపకాన్నే వదిలేస్తాడు.

సిగ్నల్ మార్పు చాలా చిన్నది. ఊపిరి తీరు మారినా, తల ఒకట్రెండు మిల్లీమీటర్లు కదిలినా లెక్క చెడిపోతుంది. ఆ లెక్క ఎంత జాగ్రత్తగా వేయాలో చెప్పడానికి ఒక చేప కథ ఉంది. 2009లో అమెరికా పరిశోధకులు కొందరు ఒక సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఫొటోలోని మనిషి మనసులో ఏముందో చెప్పమన్నారు. చేప చచ్చిపోయి ఉంది. అయినా దాని మెదడులో ఒకచోట 'చురుకుదనం' కనిపించింది! స్కాన్ బొమ్మలోని వేలకొద్దీ చుక్కలను ఒకేసారి పరీక్షిస్తే ఏదో ఒక చుక్క యాదృచ్ఛికంగా వెలగక మానదు. దాన్ని సరిదిద్దే గణితం వాడకపోతే పులుసులో వేయాల్సిన చేప కూడా జాలిపడుతున్నట్టు కనిపిస్తుంది. ఈ పనికి 2012లో వాళ్లకు ఇగ్‌నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. బ్రెయిన్ స్కాన్ రంగుల బొమ్మ చూపించి ఎవరైనా ఏదైనా రుజువైందని చెబితే నాకు ముందు ఆ చేపే గుర్తొస్తుంది.

టల్సా బృందం గురిపెట్టింది ఎడమవైపు అమిగ్డలా మీద. చెవుల ఎత్తులో, మెదడు లోతుల్లో బాదంపప్పు ఆకారంలో ఉండే భాగం ఇది. అమిగ్డలా అనగానే భయం అంటారుగానీ, సంతోషం కలిగించే విషయాలకు కూడా అది స్పందిస్తుంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లలో చెడుకు గట్టిగా, మంచికి మందకొడిగా స్పందించడం చాలా అధ్యయనాల్లో కనబడింది. దీనికి తోడు జ్ఞాపకాల తీరు కూడా మారుతుంది. సంతోషంగా ఉన్న ఒక సందర్భం చెప్పండి అంటే మామూలు మనిషి "మా చెల్లెలి పెళ్లిలో అప్పగింతలప్పుడు వాన పడి, అందరం ఒకే గొడుగు కింద దూరాం" అంటాడు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు "కాలేజీ రోజులు బాగుండేవి" అని ఆగిపోతారు. రోజు ఉండదు, వాన ఉండదు, గొడుగు ఉండదు. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ విలియమ్స్ 1980ల నుంచీ ఈ లక్షణాన్ని పరిశీలించారు. ఎర్ర పట్టీని లేపాలంటే 'కాలేజీ రోజులు' చాలవు. గొడుగు దాకా వెళ్లాలి.

టల్సాలో కింబర్లీ యంగ్ బృందం చేసి 2017లో ప్రచురించిన ట్రయల్‌లో మందులేవీ వాడని 36 మంది డిప్రెషన్ బాధితులున్నారు. 19 మందికి అమిగ్డలా పట్టీ చూపించారు. 17 మందికి వాళ్లకు తెలియకుండా భావోద్వేగాలతో సంబంధంలేని మరో భాగపు పట్టీ చూపించారు. రెండే రెండు సెషన్లు. మొదటి గుంపులో 12 మందికి లక్షణాలు సగానికి పైగా తగ్గాయి. రెండో గుంపులో ఇద్దరికే తగ్గాయి. మొదటి గుంపువాళ్లకు నిర్దిష్టమైన జ్ఞాపకాలు గుర్తు తెచ్చుకునే శక్తి కూడా పెరిగింది. రెండు సెషన్లకు ఇది పెద్ద ఫలితమే. అందుకే పేపర్లు ఎగిరి గంతేశాయి.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది. మరుసటి ఏడాది వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చిన ఫలితం దాకా వెళ్తేగాని కథ చిక్కబడదు. డేవిడ్ లిండెన్, డేవిడ్ మెహ్లర్ తదితరులు 43 మంది మీద ఇలాంటి ట్రయలే చేశారు. ఒక గుంపుకు భావోద్వేగాల భాగాలు చూపించారు. రెండో గుంపుకు, మనం ఏదైనా ప్రదేశాన్ని చూసినా ఊహించినా పనిచేసే దృశ్య భాగాన్ని చూపించారు. ఈ రెండోవాళ్లు కూడా ప్రశాంతమైన చోట్లను ఊహించుకుంటూ తమ పట్టీని బాగానే లేపగలిగారు. చివర్లో చూస్తే డిప్రెషన్ స్కోరు సగటున 43 శాతం తగ్గింది. రెండు గుంపుల్లోనూ! తేడా లేదు.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. 'అయితే ఇదంతా ప్లాసిబో, ఉత్త నమ్మకం' అని కొట్టిపారేయవచ్చు. కెనడాకు చెందిన రాబర్ట్ తిబో, అమీర్ రాజ్ లాంటి విమర్శకులు న్యూరోఫీడ్‌బ్యాక్‌ను 'సూపర్ ప్లాసిబో' అన్నారు కూడా. అంత పెద్ద యంత్రం, తెల్లకోట్లు, మెదడు బొమ్మలు, గంటల తరబడి మన మీదే శ్రద్ధ, ఇవి చాలు ఎవరికైనా కాస్త ఊరట కలగడానికి. అసలేమీ చేయని మూడో గుంపు కార్డిఫ్ ట్రయల్‌లో లేదు. కాబట్టి కొంత మెరుగు కాలం గడవడంవల్ల వచ్చిందేమో అన్న అనుమానం కూడా మిగులుతుంది.

రెండో చదువు నాకు ఎక్కువ నచ్చుతుంది. డిప్రెషన్ మనిషికి చెప్పే మాట ఒకటే: 'నీవల్ల ఏదీ కాదు.' స్కానర్‌లో ఆ మనిషి ఒక పట్టీని లేపాడు. ఎవరూ చేయి వేయలేదు, మందు వేసుకోలేదు, తనే లేపాడు. అది భావోద్వేగాల భాగపు పట్టీనా దృశ్య భాగం పట్టీనా అన్నది అతనికి అనవసరం. తెలిసిందల్లా తన తలలో జరిగేది తన మాట కొంతైనా వింటుందని. తమవల్ల అవుతుందన్న నమ్మకం పెరగడానికీ, స్కోరు తగ్గడానికీ సంబంధం ఉన్నట్టు కార్డిఫ్ బృందం కూడా గమనించింది. అదే నిజమైతే, ఆ నమ్మకం పుట్టించడానికి ద్రవ హీలియంతో చల్లబరిచే అయస్కాంతం కావాలా అన్నది అసలు ప్రశ్న.

ఇప్పుడు కుర్చీల సంగతికి వద్దాం. 'కౌన్సెలింగ్' అన్న మాటతో మనకో చిక్కుంది. తెలుగు ఇళ్లలో ఆ మాట వినగానే మొదట గుర్తొచ్చేది ఇంజినీరింగ్ సీటు. రెండోది, తాగి బండి నడుపుతూ దొరికినవాళ్లను పోలీసులు కూర్చోబెట్టి క్లాసు పీకడం. మూడోది, పెద్దమనుషులు మొగుడూ పెళ్లాలకు సర్దిచెప్పడం. రెండో మూడో రకాల్లో మాట్లాడేది అవతలివాళ్లు, తలూపేది మనం. అందుకే "మాటలతో తగ్గేదైతే మా అమ్మ తిట్లకే తగ్గేది కదండీ" అంటారు. థెరపీ అంటే హితబోధ కాదు. హితబోధ డిప్రెషన్‌కు పనిచేయదని మన ఇళ్లే రుజువు.

ఏరన్ బెక్ అనే సైకియాట్రిస్టు మొదట ఫ్రాయిడ్ దారిలో నడిచినవాడే. కోపం లోపలికి తిరిగి తనమీదకే వస్తే డిప్రెషన్ అవుతుందన్నది అప్పటి సిద్ధాంతం. దాన్ని రుజువు చేద్దామని పెన్సిల్వేనియాలో రోగుల కలలు సేకరించి చూశాడు. కోపం కనబడలేదు. ఓడిపోవడం, పోగొట్టుకోవడం, దారి తప్పడం, ఇవే కనిపించాయి. మెలకువలో మాట్లాడే మాటల్లోనూ అదే ధోరణి. నేను పనికిరాను, లోకం నాకు అనుకూలంగా లేదు, రేపు కూడా ఇంతే. తాను నమ్మిన సిద్ధాంతాన్ని వదులుకుని 1960లలో కాగ్నిటివ్ థెరపీకి పునాది వేశాడు. తర్వాత అదే సీబీటీగా (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే సాధనగా) పెరిగింది. ఆయన 2021లో, 100 ఏళ్ల వయసులో చనిపోయాడు.

గదిలో ఏం జరుగుతుందో చూడాలంటే, ఖమ్మం దగ్గర ఒక గవర్నమెంటు స్కూలు టీచర్ని ఊహించుకోండి. నాలుగు నెలలుగా నిద్ర లేదు, తిండి సయించదు.

"హెడ్మాస్టరు గారు నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారండీ. నేను పనికిరానిదాన్నని ఆయనకీ తెలిసిపోయింది."

"ఆ రోజు మిగతా టీచర్లతో ఎలా ఉన్నారు మేడమ్?"

"ఎవరితోనూ మాట్లాడలేదనుకుంటా... ఎంఈవో గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు ఆ రోజు."

"ఆ రెండూ రాసుకుందామా? ఇటుపక్క మీకు వచ్చిన ఆలోచన, అటుపక్క ఇన్‌స్పెక్షన్ సంగతి. ఇప్పుడు ఆ ఆలోచనను మీరు వందకు ఎంత నమ్ముతున్నారు?"

"ఇందాక తొంభై. ఇప్పుడు... అరవై ఏమో."

థెరపిస్టు ఏం చెప్పలేదో గమనించండి. 'మీరు చాలా మంచి టీచరండీ, దిగులుపడకండి' అనలేదు. అలా అని ఉంటే ఆమె మర్యాదకు నవ్వి, మనసులో 'ఈయనకేం తెలుసు' అనుకుని ఉండేది. సాక్ష్యాన్ని ఆమె నోటితోనే చెప్పించాడు. అరవై సున్నా కావాలని పట్టుబట్టలేదు కూడా. ఒకవేళ హెడ్మాస్టరుకు నిజంగానే ఆమె అంటే గిట్టదనుకోండి. అప్పుడు చర్చ 'దానికి ఏం చేద్దాం' అన్న వైపు తిరుగుతుంది. సీబీటీని పాజిటివ్ థింకింగ్ అనేవాళ్లు ఈ సగాన్ని చూడరు.

రెండో సగం నోటుబుక్కులో ఉంటుంది. బుధవారం సంతకు వెళ్లడం ఆమె మానేసింది. మల్లెచెట్టుకు నీళ్లు పోయడం మానేసింది. "మనసు బాగుంటే వెళ్తానండీ" అంటుంది. డిప్రెషన్ పన్నే ఉచ్చు ఇదే. ఏమీ చేయకపోతే మనసుకు ఏ మంచీ తగలదు. తగలకపోతే ఏమీ చేయబుద్ధి కాదు. కాబట్టి వరస తిరగేయాలి, ముందు పని, మనసు తర్వాత. బుధవారం సాయంత్రం ఐదున్నరకు సంత, పావుగంట చాలు, ఒక కట్ట గోంగూర కొనుక్కుని వచ్చేయడం. వచ్చాక రెండు అంకెలు వేయాలి. ఎంత హాయిగా అనిపించింది? ఎంత సాధించినట్టు అనిపించింది? పదికి రెండు పడ్డా రాసుకోవాలి. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. ఇంత వెర్రిబాగుల పనితో అంత పెద్ద జబ్బు కదులుతుందా అని నేనూ అనుకున్నాను. 2016లో బ్రిటన్‌లో 440 మందితో చేసిన కోబ్రా అనే ట్రయల్‌లో, తక్కువ శిక్షణ పొందిన జూనియర్ సిబ్బంది చేయించిన ఈ ఒక్క పద్ధతి, అనుభవజ్ఞులైన థెరపిస్టులు చేసిన పూర్తి సీబీటీకి తీసిపోలేదు.

మరి మందులతో పోలిస్తే? 2005లో పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలు కలిసి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 240 మంది మీద చేసిన అధ్యయనం నాకు ఇప్పటికీ అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. 16 వారాలయ్యేసరికి మందు గుంపులోనూ, థెరపీ గుంపులోనూ 58 శాతం మందికి గుణం కనిపించింది. అసలు తేడా ఆ తర్వాత తేలింది. తగ్గినవాళ్లలో మందు ఆపేసినవారిలో ఏడాదిలోపు 76 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది. థెరపీ ముగించినవారిలో 31 శాతం మందికే తిరగబెట్టింది. మందు ఆపితే దాని పని ఆగుతుంది. నేర్చుకున్న విద్య తలలో ఉండిపోతుంది. అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి కూడా ఉంది. థెరపిస్టులకు అనుభవం తక్కువైన చోట మందే మెరుగ్గా పనిచేసింది. మాత్ర ఎవరు ఇచ్చినా మాత్రే. మాట అలా కాదు.

మాటల చికిత్స మెదడును తాకదనుకోవడం కూడా పొరపాటే. టొరంటోలో హెలెన్ మేబర్గ్ బృందం 2004లో సీబీటీకి ముందూ వెనకా మెదడు స్కాన్లు తీసి చూసింది. నుదుటి వెనక భాగాల్లో చురుకుదనం తగ్గింది, జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోక్యాంపస్‌లో పెరిగింది. మందు వాడినవారిలో దాదాపు దీనికి ఎదురు దిశలో మార్పులు వచ్చాయి. గమ్యం ఒకటే, ఒకరు హైదరాబాదు నుంచి వచ్చారు, ఇంకొకరు విశాఖ నుంచి.

ఇప్పుడు మన దేశం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి ఏ చికిత్సా అందడం లేదు. (ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన దగ్గర ఇంతకన్నా బాగుంటుందని అనుకోవడానికి నాకైతే కారణం కనబడదు.) అనుభవజ్ఞులైన థెరపిస్టులు పల్లెకొకరు పుట్టుకురారు. అందుకే గోవాలో జరిగినది ముఖ్యం. సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్, అక్కడి సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఏ మానసిక వైద్య నేపథ్యమూ లేని స్థానికులకు మూడు వారాల తరగతులు, ఆర్నెల్ల అప్రెంటిస్ శిక్షణ ఇచ్చారు. వాళ్లు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో డిప్రెషన్ బాగా ముదిరినవారికి ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేశారు. విషయం ప్రధానంగా ఇందాకటి బుధవారం సంత లాంటిదే. సెషన్లను రికార్డు చేసి, కౌన్సెలర్లు ఒకరివి ఒకరు విని మార్కులు వేసుకునేవారు. 495 మంది పాల్గొన్న ట్రయల్‌లో మూడు నెలలకు, వీరి సాయం అందినవారిలో 64 శాతం డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు చికిత్స పొందినవారిలో 39 శాతం. మనకు దగ్గర్లో పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, దిగులుతో ఉన్నవారిని గుర్తించి పీహెచ్‌సీకి పంపించే పని చేయించారు.

టల్సా ప్రయోగం కన్నా గోవా నోటుబుక్కు గొప్పదని పోటీ పెట్టడం లేదు. ఆ మెషిన్ వల్ల ఏ జ్ఞాపకం మెదడును కదిలిస్తుందో, ఏది కదిలించదో తెలుస్తోంది. మందుకూ మాటకూ లొంగని కొందరికి రేపు అదే దారి కావచ్చు. ఇవాళ మాత్రం అది పరిశోధన దశలోనే ఉంది. బజారులో దొరికేది వేరు. నగరాల్లో కొన్ని క్లినిక్కులు తలకు నాలుగు తీగలు అంటించి, ఈఈజీతో (మెదడులోని విద్యుత్తును తల మీంచి కొలిచే పరీక్షతో) న్యూరోఫీడ్‌బ్యాక్ అని ప్యాకేజీలు అమ్ముతున్నాయి. తల పైనుంచి తీసే ఈఈజీకి లోతుల్లోని అమిగ్డలా నేరుగా అందదు. స్కానర్ డేటాతో పోల్చి అంచనా వేసే పద్ధతి ఒకటి ఇజ్రాయెల్ పరిశోధకులు తయారుచేశారు. మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా ఎఫ్‌డీఏ 2023లో దానికి అనుమతిచ్చింది. అదీ పీటీఎస్‌డీకి (భయంకరమైన అనుభవం తర్వాత మిగిలే మానసిక సమస్యకు), మిగతా చికిత్సకు తోడుగా మాత్రమే. స్కానర్ ట్రయళ్ల ఫలితాలు చూపించి తీగల ప్యాకేజీ అమ్మేవాళ్లుంటే, బిర్యానీ ఫొటో చూపించి పులిహోర పెట్టినట్టే.

బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స మేలో సూచించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, అంత తీవ్రంగా లేని డిప్రెషన్‌కు, రోగి తనే కోరుకుంటే తప్ప మందుతో మొదలుపెట్టవద్దని చెబుతున్నాయి. తీవ్రమైనదానికి మాత్రం థెరపీ, మందు కలిపి వాడటమే మేలు. చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నా, తిండీ నీళ్లూ మానేసినా, లేని మాటలు వినబడుతున్నా, గతంలో అతి ఉత్సాహం, నిద్రలేని హుషారు రోజులు ఉండి బైపోలార్ అనుమానం ఉన్నా, 'మందుల్లేకుండా' అన్న పట్టుదల పక్కన పెట్టి వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లాలి. ఇప్పటికే మందు వాడుతున్నవాళ్లు ఇలాంటి వ్యాసం చదివి రేపటి నుంచి ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒళ్లు జివ్వుమనడం, చిరాకు మొదలవుతాయి. తగ్గించడం డాక్టరు చెప్పినట్టు మెల్లగా జరగాలి. అసలు మొదటి పని థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం. అది తక్కువైనా మనిషి అచ్చం ఇలాగే కుంగిపోతాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రైవేటుగా వెళ్తే, ఆ క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందేమో చూసుకోండి. మొదటి రోజే రెండు ప్రశ్నలు అడగండి. ఎన్ని సెషన్లు పడుతుంది? వారానికి ఇంట్లో చేయాల్సిన పని ఏమైనా ఇస్తారా? మొదటిదానికి 'చూద్దాం' అన్నా ఫర్వాలేదు. రెండోదానికి "అదేం ఉండదండీ, వచ్చి కాసేపు మాట్లాడి వెళ్తే చాలు" అన్నారంటే, వాళ్లు మంచివాళ్లే కావచ్చు, అక్కడ దొరికేది మాత్రం ఈ ట్రయళ్లలో పనిచేసిన చికిత్స కాదు.